తోకచుక్క మీద మోపిన నేరం

ఈమధ్య మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక ప్రవచనం రికార్డు తిరిగింది. చెప్పినాయన గొంతు గంభీరంగా ఉంది, భాష చక్కగా ఉంది, చెప్పిన సంవత్సరాలు కూడా సరైనవే. 1345లో కుంభరాశిలో మూడు గ్రహాలు కలిశాయి, మూడేళ్ళు తిరగకముందే ఐరోపాలో ప్లేగు అడుగుపెట్టింది. 1664 చివర్లో లండన్ ఆకాశంలో తోకచుక్క పొడిచింది, మరుసటి ఏడే ఆ నగరం ప్లేగుతో శవాల దిబ్బ అయింది. 1918 జూన్‌లో శ్రవణా నక్షత్రం ఉండే గరుడ మండలంలో ఎన్నడూ లేని కొత్త చుక్క వెలిగింది, ఆ ఏడే ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. 2019 డిసెంబరు 26న సూర్యగ్రహణం, కొద్ది వారాల్లో కరోనా. ఇక 2025 సెప్టెంబరు 7 రాత్రి చంద్రుడు ఎర్రబడ్డాడు, అదే ఏడు మన సౌరకుటుంబానికి బయటినుంచి ఒక తోకచుక్క వచ్చింది, కాబట్టి రాబోయేది ఏమిటో మీరే ఊహించుకోండి అని ఆయన ముగించాడు.

దాని కింద మావాళ్ళు పెట్టిన నమస్కారాలు చూశాక ఈ వ్యాసం రాయాలనిపించింది. ఒడియా పాంజి, తెలుగు పంచాంగం ఒకే గోడకు వేలాడే ఇళ్ళు ఒడిశా గంజాం జిల్లాలోని మా బరంపురంలోవి. తిథి వార నక్షత్రాలు చూడకుండా ఏ పనీ మొదలుపెట్టని మనుషుల మధ్యే నేను పెరిగాను, వాళ్ళలోనే ఉండి చాలా ఏళ్ళు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పాను. మూఢనమ్మకం అని ఒక్క మాటతో కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. అలా కొట్టిపారేసిన చోట ఎవరూ మనసు మార్చుకోగా నేను చూడలేదు, పైగా ఆ ఒక్క మాటతో ఆలోచించవలసిన సంగతులు చాలా పక్కకు పోతాయి. నాకు తోచింది ఇది: శకునం ముందు కనబడి జబ్బు తర్వాత రావడం లేదు. జబ్బు వచ్చాక మనమే వెనక్కి వెళ్ళి ఆకాశంలో ఒక శకునాన్ని వెతికి తెచ్చుకుంటున్నాం. ఆ వెతుకులాటలో పడి, నేల మీద ఎవరిని నిలదీయాలో వాళ్ళను నిలదీయకుండా వదిలేస్తున్నాం.

పారిస్ పండితులు చెప్పినది

ప్రవచనంలో మొదటి ఉదాహరణ అన్నిటికన్నా బలమైనది, అందుకే దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. 1348లో ఫ్రాన్సు రాజు ఆరో ఫిలిప్ ప్లేగుకు కారణం చెప్పమని అడిగితే, పారిస్ విశ్వవిద్యాలయపు వైద్య పండితులు కూర్చుని ఒక నివేదిక రాశారు. 1345 మార్చి 20న మధ్యాహ్నం ఒంటిగంటకు కుంభరాశిలో శని, గురుడు, కుజుడు కలవడమే మూలకారణమని అందులో తేల్చారు. వేడి, తేమ గల గురుడు భూమిలోంచి చెడ్డ ఆవిర్లను పైకి లాగాడనీ, వేడి, పొడి గల కుజుడు వాటిని మండించాడనీ, గాలి అలా పాడై మనుషుల్లోకి చేరిందనీ వాళ్ళ వాదం. వాళ్ళు మోసగాళ్ళు కారు, అజ్ఞానులూ కారు. ఆ కాలానికి అందుబాటులో ఉన్న ఉత్తమ శాస్త్రంతో నిజాయితీగా ఆలోచించినవాళ్ళు.

అయితే 2022లో ఒక పరిశోధన వెలువడింది. కిర్గిజ్‌స్తాన్‌లో ఇస్సిక్ కుల్ సరస్సుకు దగ్గరలో పాత క్రైస్తవ శ్మశానాలు ఉన్నాయి. అక్కడి సమాధి రాళ్ళలో 1338, 1339 సంవత్సరాలవి అసాధారణంగా ఎక్కువ, కొన్నింటి మీద మరణానికి కారణం మహమ్మారి అని చెక్కి ఉంది. ఆ ఎముకల దంతాలలోంచి తీసిన డీఎన్ఏలో ప్లేగు బాక్టీరియా దొరికింది. అది తర్వాత ఐరోపాకు పాకిన రకాలకు పూర్వీకుల వంటిదని కూడా తేలింది. అంటే కుంభరాశిలో గ్రహాలు కలవడానికి ఆరేడేళ్ళ ముందే మధ్య ఆసియాలో జనం ఆ జబ్బుతో చనిపోతున్నారు. ఆ తర్వాత అది వర్తక మార్గాల వెంట నల్లసముద్రం దాకా వచ్చి, అక్కడ ఓడలెక్కి, 1347లో సిసిలీలో దిగింది. పారిస్ పండితులకు తమ గుమ్మంలోకి వచ్చాకే జబ్బు పుట్టినట్టు అనిపించింది. అందుకే తమకు తెలిసిన తేదీకి కాస్త వెనుక ఉన్న గ్రహకూటమిని పట్టుకున్నారు.

ఇక్కడ చురుకైన పాఠకుడు అడ్డు తగలవచ్చు. 1337లో కూడా ఒక తోకచుక్క కనబడింది కదా, చైనావాళ్ళూ ఐరోపావాళ్ళూ దాన్ని నమోదు చేశారు కదా, మరి 1338 చావులకు అదే శకునం ఎందుకు కాకూడదు అని. అడగవలసిన ప్రశ్నే. నా వాదానికి అంతకు మించిన ఆధారం లేదు కూడా. జబ్బు తేదీని ఏడేళ్ళు వెనక్కి జరిపినా అక్కడ ఇంకొక శకునం సిద్ధంగా ఉంది. ఇంకో పదేళ్ళు జరిపితే ఇంకొకటి దొరుకుతుంది. మామూలు కంటికి స్పష్టంగా కనిపించే తోకచుక్కలు దశాబ్దానికి ఒకటో రెండో వస్తూనే ఉంటాయి. సూర్య చంద్ర గ్రహణాలు రెండూ కలిపి ఏటా నాలుగుకు తక్కువ కావు, ఒక్కోసారి ఏడు దాకా ఉంటాయి. గురు శనులు ఇరవై ఏళ్ళకోసారి కలుస్తాయి. వీటికి ఉల్కాపాతాలు, కొత్త చుక్కలు, సూర్యచంద్రుల చుట్టూ కట్టే గుడి కూడా చేర్చుకుంటే, ఆకాశంలో ఏమీ జరగని ఏడంటూ ఉండదు. ఏ తాళానికైనా పట్టే తాళంచెవిని చూపించి ఇది ఈ ఇంటిదే అంటే ఎలా నమ్మడం?

లెక్కలోకి రాని ఏళ్ళు

ప్రవచనంలో వినిపించిన సంవత్సరాలకన్నా వినిపించనివి నన్ను ఎక్కువగా ఆలోచింపజేశాయి. 1976 మార్చిలో తెల్లవారుజామున తూర్పు ఆకాశంలో వెస్ట్ తోకచుక్క విసనకర్రలా పరుచుకుని వెలిగింది. గత శతాబ్దంలో అంత అందమైనవి అరుదు. అప్పటికి ఏడాది కూడా కాకముందే, 1975 మేలో, మన దేశంలో మశూచి చివరి కేసు నమోదైంది. వేల ఏళ్ళుగా పిల్లలను మింగిన జబ్బు దేశాన్ని వదిలిపోతున్న రోజుల్లో వచ్చిన తోకచుక్క అది. దాన్ని శుభశకునం అని కూడా ఎవరూ అనలేదు. అంతకు రెండేళ్ళ ముందు కొహూటెక్ అనే తోకచుక్క గొప్పగా వెలుగుతుందని పత్రికలన్నీ రాశాయి, కానీ 1973 డిసెంబరు చివర్లో అది సరిగా కనబడకుండానే పోయింది. ఆ వెంటనే 1974లో బీహారులో మశూచి భయంకరంగా చెలరేగింది. మశూచి విజృంభిస్తున్నప్పుడు ఆకాశం మసకగా ఉంది, మశూచి పోయాక ఆకాశం మండింది. 1986లో హేలీ వచ్చి వెళ్ళింది. 1997లో హేల్-బాప్ నెలల తరబడి సాయంత్రాల్లో పిల్లలకు కూడా కనబడింది. ఈ రెంటినీ ఏ ప్రవచనకారుడూ జాబితాలో చేర్చడు, చేర్చడానికి పక్కన జబ్బు లేదు కాబట్టి.

అటువైపు నుంచి కూడా చూడాలి. క్షయ వ్యాధితో ప్రపంచంలో ఈనాటికీ ఏటా పన్నెండు లక్షల మందికి పైగా చనిపోతున్నారు, రోగుల్లో నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. క్షయకు శకునం ఏది? మా పక్కనే ఉన్న కొరాపుట్, రాయగడ కొండల్లో తరతరాలుగా మనుషులను పీల్చిన మలేరియాకు ఏ తోకచుక్క పొడిచింది? ఈ జబ్బులకు ఫలానా రోజున మొదలైందని చెప్పడానికి తేదీ లేదు, ఊరంతా ఒక్కసారి ఉలిక్కిపడే ఘడియ లేదు, అందుకే శకునమూ లేదు. శకునం జబ్బు తీవ్రతకు అంటుకోదు, జబ్బు చూసి మనం పడిన హడలుకు అంటుకుంటుంది. అన్నిటికన్నా ఎక్కువమందిని చంపేవి నిశ్శబ్దంగా చంపుతాయి కాబట్టి ఆకాశ పురాణంలో వాటికి చోటు దొరకలేదు.

1918 కొత్త చుక్క సంగతి మరీ ముఖ్యం. అది ఆ ఏడు జూన్ 8న కనబడిన మాట నిజమే. కానీ అది మనకు సుమారు వెయ్యి కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంటే ఆ విస్ఫోటం జరిగేనాటికి వేంగిలో తూర్పు చాళుక్యులు ఏలుతున్నారు. ఇన్‌ఫ్లుయెంజా మాత్రం యుద్ధం నుంచి తిరిగివచ్చే సైనికులతో బొంబాయి రేవులో దిగింది. అక్కడినుంచి రైలు పట్టాల వెంట దేశమంతా పాకి, ఆ ఏడు చివరి నెలల్లో కోటికి పైగా మనుషులను తీసుకుపోయింది. ఓడలు, రైళ్ళు, తిండి చాలని ఒళ్ళు: ఈ మూడింటినీ వదిలేసి గరుడ మండలం వైపు చూపించేవాడు ఆ చనిపోయినవాళ్ళకు న్యాయం చేస్తున్నాడని నేననుకోను.

అష్టగ్రహ కూటమి గుర్తున్న పెద్దలు ఇంకా ఉన్నారు. 1962 ఫిబ్రవరి మొదటి వారంలో ప్రపంచం మునిగిపోతుందని దేశమంతా హోమాలు చేశారు. ఏమీ జరగలేదు. ఆ అక్టోబరులో చైనా యుద్ధం వచ్చాక, అప్పుడే చెప్పారు కదా అన్నారు. మా మేనత్త నాతో ఇప్పటికీ ఆ మాటే అంటుంది. ప్రళయం అని చెప్పి యుద్ధం వస్తే నిజమైనట్టే, జబ్బు వచ్చినా నిజమైనట్టే, కరువు వచ్చినా నిజమైనట్టే. ఎనిమిది నెలల గడువూ, ఏ ఆపదైనా సరిపోయే వెసులుబాటూ ఉంటే తప్పిపోయే జోస్యం ఏదైనా ఉంటుందా?

వరాహమిహిరుడూ, సామంత చంద్రశేఖరుడూ

ఇక్కడ నాకు నిజంగా కలిగిన సందేహం చెప్పాలి. మన ప్రాచీనులు ఇదంతా ఆలోచించకుండానే రాశారా? బృహత్సంహితలో వరాహమిహిరుడు గ్రహణానికి కారణం రాహువు కాదనీ, చంద్రుడు భూచ్ఛాయలోకి పోవడమూ, సూర్యుడికి చంద్రుడు అడ్డు రావడమూ అనీ స్పష్టంగా చెప్పాడు. ఆ అధ్యాయంలోనే ఏ మాసంలో గ్రహణం పడితే ఏ దేశానికి ఏ కీడో కూడా వరసగా రాశాడు. కేతువుల, అంటే తోకచుక్కల వంటివాటి, అధ్యాయంలో వాటి ఉదయాస్తమయాలు గణితానికి అందవని ఒప్పుకున్నాడు. అవి నూటొకటి అని కొందరు, వెయ్యి అని కొందరు, ఒకటే పలు రూపాల్లో వస్తుందని నారదుడు అంటారనీ చెప్పాడు. గర్గుడు, పరాశరుడు, అసిత దేవలుడు చెప్పినవి చూసి రాస్తున్నానని కూడా ముందే చెప్పుకున్నాడు. దేశాలను నక్షత్రాలకు పంచిపెట్టే కూర్మవిభాగం అనే అధ్యాయంలో ఆశ్లేష మొదలైన మూడు నక్షత్రాలకు చెందిన ఆగ్నేయ దిక్కులో కళింగాన్నీ ఆంధ్రాన్నీ కలిపే పెట్టాడు. ఆ లెక్కన సరిహద్దుకు ఇటూ అటూ ఉన్న మాకందరికీ కష్టాలు కలిసే రావాలి.

ఎంతో మథనపడ్డాక నాకు అర్థమైంది ఏమిటంటే, ఆయన ఆ గ్రంథంలో రెండు పనులు చేశాడు. తాను పరీక్షించగలిగిన చోట పరీక్షించి, పాత మాట తప్పని చెప్పాడు. పరీక్షించలేని చోట పెద్దలు చెప్పినవి పోకుండా కూర్చి పెట్టాడు. మనం ఆయన మొదటి పనిని మరిచి రెండోదాన్ని మాత్రం పట్టుకున్నాం. ఆ గ్రహణ శ్లోకాలు రాసినవాడు ఈనాడు ఇస్సిక్ కుల్ సమాధుల సంగతి వింటే తన గ్రంథంలో ఫలితాల భాగాన్ని తిరగరాసేవాడనే నా నమ్మకం.

ఈ నమ్మకానికి ఆధారం మా రాష్ట్రంలోనే ఉంది. ఖండపడాకు చెందిన సామంత చంద్రశేఖరుడు, జనం పఠాణి సామంత అని పిలుచుకునే మహానుభావుడు, దూరదర్శిని లేకుండా వెదురు బద్దలతోనూ కర్రలతోనూ చేసుకున్న సాధనాలతో గ్రహాల స్థానాలు కొలిచాడు. పాత సిద్ధాంతాలు చెప్పిన చోట గ్రహం లేకపోతే, తప్పు గ్రహానిది కాదు, గ్రంథానిది అన్నాడు. తాళపత్రాల మీద ఆయన రాసిన సిద్ధాంత దర్పణం 1899లో అచ్చయింది, ఆయన సవరణలను పూరీ ఆలయపు లెక్కల్లోకి తీసుకున్నారు. భక్తికీ సవరణకూ ఆయన దగ్గర వైరం రాలేదు. ఆకాశం ఒప్పుకోకపోతే గ్రంథాన్ని దిద్దడం సంప్రదాయమే అయినప్పుడు, చావుల లెక్క ఒప్పుకోకపోతే శకునాన్ని దిద్దడం సంప్రదాయ విరుద్ధం ఎలా అవుతుంది?

సూర్యుడు మసకబారిన ఏడు

నా వాదాన్ని నిజంగా ఇబ్బంది పెట్టే ఉదాహరణ ప్రవచనంలో లేదు. దాన్ని నేనే తెచ్చి పెడతాను. సామాన్య శకం 536లో సూర్యుడు ఏడాది పొడుగునా వెలుగు తగ్గి చంద్రుడిలా కనిపించాడని బైజాంటియం చరిత్రకారుడు ప్రొకోపియస్ రాశాడు. ఐదేళ్ళకు, 541లో, జస్టీనియన్ చక్రవర్తి కాలపు ప్లేగు ఈజిప్టులో మొదలై మధ్యధరా తీరమంతా పాకింది. ధ్రువాల మంచులో, చెట్ల వలయాల్లో దొరికిన సాక్ష్యం చూస్తే ఆ మసక నిజమే. పెద్ద అగ్నిపర్వతాలు పేలి ధూళి ఆకాశాన్ని కప్పింది, భూమి చల్లబడింది, పంటలు పోయాయి. ఆకలిగొన్న జనంలో, ధాన్యం ఓడల వెంట ఎలుకలు తిరిగే కాలంలో, ప్లేగు సులువుగా పాకి ఉండవచ్చనే మాటను చరిత్రకారులు తేలిగ్గా తీసుకోవడం లేదు. అంటే ఆకాశపు గుర్తుకూ మహమ్మారికీ ఇక్కడ సంబంధం ఉండవచ్చు.

దీన్ని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ సంబంధం ఏ దారిలో నడుస్తున్నదో చూడండి. ధూళి, చలి, పంట, ఆకలి, ఓడ, ఎలుక, దాని ఒంటి మీది నెత్తురు పీల్చే పురుగు, మనిషి. ప్రతి మెట్టునూ విడిగా పరీక్షించవచ్చు, ఏ మెట్టు దగ్గరైనా అడ్డుకోవచ్చు కూడా. ధాన్యం నిల్వలు ఉంటే ఆకలి ఆగుతుంది. 1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలోని టంబోరా అగ్నిపర్వతం పేలాక రుతువులు తారుమారై, రెండేళ్ళకు బెంగాలులో కలరా విజృంభించడానికి అదీ కొంత కారణమని చెప్పేవారున్నారు. ఆ మాట నాకు పూర్తిగా నమ్మబుద్ధి కాదు, అయినా అది పరీక్షకు నిలబడే మాట. తోకచుక్క చెడు చేస్తుందనే మాటకు అలాంటి మెట్లు లేవు. ఖగోళ శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ హొయిల్, ఆయన సహచరుడు చంద్ర విక్రమసింఘే కలిసి ఇన్‌ఫ్లుయెంజా వంటి వైరస్‌లు తోకచుక్కల ధూళితో రాలుతాయని 1970ల చివర్లో వాదించి, ఆ మెట్లు కట్టడానికి ప్రయత్నించారు. పెద్ద శాస్త్రవేత్తలు కాబట్టి వాళ్ళ మాట విన్నారు, పరీక్షించారు. వైరస్‌ల వంశవృక్షాలు పక్షుల్లోకీ పందుల్లోకీ మనుషుల్లోకీ వెళుతున్నాయే తప్ప ఆకాశంలోకి వెళ్ళడం లేదు.

1815 అంటే మా జిల్లాకు ఇంకొక జ్ఞాపకం. ఆ ఏడు ఋషికుల్య ఒడ్డున ఉన్న గంజాం పట్టణాన్ని జ్వరం ఖాళీ చేసింది. జిల్లాకు పేరిచ్చిన ఊరే జిల్లా కేంద్రం కాకుండా పోయింది. నాలుగేళ్ళ ముందు, 1811లో, నెలల తరబడి కనిపించిన మహా ధూమకేతువు ఉంది. ఎవరైనా రెంటినీ ముడిపెట్టదలచుకుంటే దారం చేతికి అందుతూనే ఉంది. ఆ తర్వాత 1865లో వానలు తప్పాయి, 1866లో నఅంక దుర్భిక్షం వచ్చింది. ఒరిస్సాలో దాదాపు పది లక్షల మంది ఆకలితోనూ, వెంట వచ్చిన కలరా వంటి జబ్బులతోనూ పోయారు. బియ్యం తెప్పించమని కింది అధికారులు రాసినా పైవాళ్ళు వర్తకంలో జోక్యం చేసుకోబోమన్నారు. తీరా ఒప్పుకునేసరికి వానాకాలం వచ్చి రేవుల్లో ఓడలు దిగే వీలు లేకపోయింది. తప్పు ఆకాశానిదని చెప్పుకోవడం ఆనాటి దొరలకు ఎంత అనుకూలమో ఆలోచించండి.

పోయేదేముంది అన్న ప్రశ్న

మా మేనత్త అడిగే ప్రశ్న ఒకటుంది. “ఒరే నాయనా, అబద్ధమే అనుకో. నమ్మితే పోయేదేముంది? నాలుగు రోజులు జాగ్రత్తగా ఉంటాం, దేవుణ్ణి తలుచుకుంటాం. నీ సైన్సుకు వచ్చిన నష్టమేమిటి?” ఈ ప్రశ్నను నేను చులకన చేయను. ఎందుకు చనిపోతున్నామో తెలియని కాలంలో శకునం మనుషులకు ఒక కథ ఇచ్చింది, కలిసి ఏడవడానికీ కలిసి మొక్కడానికీ ఒక కారణం ఇచ్చింది. మా ఊళ్ళో రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి యాత్రలో అమ్మవారు పుట్టింటికి వచ్చిన రాత్రులు ఊరంతా ఒక్క కుటుంబమై కదులుతుంది. ఆ కలయిక విలువ నాకు తెలుసు, దాన్ని ఎవరైనా వెక్కిరిస్తే నాకు కోపం వస్తుంది.

కానీ పోయేది ఉంది. 2025 సెప్టెంబరు 7 గ్రహణం రాత్రి మా వీధిలో ఒక చిన్నవాడికి సాయంత్రం నుంచి వాంతులు, విరేచనాలు. పిల్లవాడి తల్లి భయపడి వచ్చి పిలిస్తే వెళ్ళాను. ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇంట్లోనే ఉంది. వాళ్ళ మామ్మగారు మాత్రం, “ఇప్పుడు పట్టు పడిపోయింది మాస్టారూ, విడుపయ్యాక స్నానం చేయించి పడతాం, ఒక్క పూటే కదా” అన్నారు. ఆ రాత్రి గ్రహణం పట్టు నుంచి విడుపు దాకా మూడున్నర గంటలు. నేను చెప్పగలిగినంత చెప్పాను, చిన్నపిల్లలకు గ్రహణ నియమం లేదని శాస్త్రమే అంటుందని కూడా అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. పిల్లవాడి మీద ఆవిడకున్న ప్రేమలో ఏ లోటూ లేదు, భయం ఆ ప్రేమకన్నా బలంగా ఉంది, అంతే. తెల్లారేసరికి వాడు కళ్ళు తేలవేశాడు, ఆసుపత్రిలో సెలైను ఎక్కించాక కోలుకున్నాడు.

1971లో పశ్చిమ బెంగాలులోని బంగాన్ శరణార్థి శిబిరంలో కలరాతో వందకు ముప్ఫైమంది దాకా చనిపోతుంటే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించి ఆ సంఖ్యను నాలుగు లోపుకు తెచ్చారు. అదే నీళ్ళ పొట్లం ఆ ఇంట్లో గూట్లో ఉంది. అదే వారం మా వీధిలో మరికొందరికి కూడా విరేచనాలు అయ్యాయి. కుళాయి గొట్టం మురుగుకాలువలోంచి పోతుంది, అతుకు దగ్గర కారుతుంది, చూడనివాళ్ళు లేరు. అయినా గ్రహణం గురించి మాట్లాడినవాళ్ళు వీధి నిండా ఉన్నారు, గొట్టం గురించి అర్జీ రాసి సంతకాలు అడిగితే దొరికినవి కొన్నే. “గ్రహణ దోషమండీ, అదే పోతుంది” అని ఒకాయన కలం కూడా అందుకోలేదు. మా మేనత్త ప్రశ్నకు నా జవాబు ఇదే. మనిషి దగ్గరుండే జాగ్రత్త కొంతే, ఓపిక కొంతే. దాన్ని చంద్రుడి మీద ఖర్చు పెడితే గొట్టానికి మిగలదు.

1883 చివర్లో క్రకటోవా అగ్నిపర్వతం పేలిన ధూళితో ప్రపంచమంతా సంధ్యాకాశం నెత్తురులా ఎర్రబడింది, మద్రాసు వైపు సూర్యుడు ఆకుపచ్చగా కూడా కనబడ్డాడు. ఆ డిసెంబరులోనే జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ కలకత్తాలో దిగాడు. ఆయన కలరా రోగులు వాడే చెరువు నీళ్ళు తెచ్చి సూక్ష్మదర్శిని కింద పెట్టి, మరుసటి ఏడు మొదట్లో కలరా క్రిమిని అందులో చూశాడు. ఆయన సాయంకాలాల ఆకాశం చూడలేదని నేననను. జబ్బు కోసం మాత్రం నీళ్ళలోనే వెతికాడు.

సూరత్ నుంచి వచ్చే రైలు

గంజాం జిల్లాలో ఇంటికొకరు సూరత్‌లో మరమగ్గాల దగ్గర పనిచేస్తారంటే పెద్ద అతిశయోక్తి కాదు. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు అన్న వార్త పుట్టగానే లక్షలమంది రైళ్ళెక్కి పారిపోయారు, వారిలో మావాళ్ళూ ఉన్నారు. శకునం కావాలనుకున్నవారికి ఆ జూలైలోనే షూమేకర్-లెవీ తోకచుక్క ముక్కలై గురుగ్రహాన్ని గుద్దింది. కానీ సూరత్‌లో జరిగింది వేరు: వరద వచ్చింది, చచ్చిన పశువులూ చెత్తా వీధుల్లోనే కుళ్ళాయి, మురికివాడల్లో మనుషులు కిక్కిరిసి ఉన్నారు. 1995లో కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు చెత్త ఎత్తించి, మురుగు బాగు చేయించి, అధికారులను రోజూ వీధుల్లో నిలబెట్టి, రెండేళ్ళలో ఆ ఊరిని దేశంలోని పరిశుభ్రమైన నగరాల వరసలో చేర్చారు. ఆయన అందుకు ఏ ముహూర్తం చూశారో నాకు అనవసరం.

2020లో అదే రైళ్ళలో మావాళ్ళు మళ్ళీ వచ్చారు. బడుల్లో పెట్టి వేరుగా ఉంచారు, ఆ వేసవి తర్వాత గంజాం రాష్ట్రంలోనే అన్నిటికన్నా ఎక్కువ కరోనా ఉన్న జిల్లాల్లో ఒకటైంది. ఆ రోజుల్లో గ్రహణం వల్ల వచ్చింది, జూన్ 21 గ్రహణంతో పోతుంది అని ఫోన్లలో తిరిగిన సందేశాలు ఎన్నో. పోలేదు. సందేశాలు మాత్రం చేతికి తగిలిన ప్రతి ఫోనులోనూ ఉన్నాయి, ఆ కార్మికులు సూరత్‌లో ఎలా బతుకుతున్నారో చెప్పే సందేశం నాకు ఒక్కటీ రాలేదు.

వాళ్ళు ఉండే గదిని మెస్ అంటారు. ఒక్కో పెద్ద గదిలో యాభై, అరవై, ఒక్కోచోట వందమంది దాకా ఉంటారు. పన్నెండు గంటల షిఫ్టు ముగించి వచ్చినవాడు, షిఫ్టుకు వెళ్ళినవాడు లేచిన చాప మీదే పడుకుంటాడు. గాలి ఆడని గదిలో, రాత్రీ పగలూ ఖాళీ కాని చాపల మీద క్షయ ఎలా పాకుతుందో, మరుసటి ఇన్‌ఫ్లుయెంజా ఎలా పాకుతుందో లెక్క వేయడానికి పంచాంగం అక్కరలేదు. ఆ గదులకు కిటికీలు పెట్టించాలి, ఒక గదిలో ఎంతమంది ఉండవచ్చో నియమం చేసి దాన్ని అమలు జరిపించాలి, జ్వరం వచ్చినవాడికి జీతం కోయకుండా సెలవు ఇప్పించాలి. ఇది గుజరాతు ప్రభుత్వమూ ఒడిశా ప్రభుత్వమూ మిల్లు యజమానులూ కూర్చుని చేయవలసిన పని. చేయమని అడగవలసినవాళ్ళం, ఆ కార్మికులు పంపే డబ్బుతో ఇళ్ళు కట్టుకుంటున్న మేమే.